కంటైనరును ఎత్తే బండి ఎందుకు ఒరుగుతుంది?

తెలుగు పాఠాలు చెప్పుకొనే మాకు రేవుల యంత్రాలతో పని ఏమని విద్యార్థులు అడుగవచ్చును. మన ఇళ్ళలోని యువకులు ఉద్యోగాల కొరకు గల్ఫ్ దేశాలకు వెళ్ళుచున్నారు. వారిలో రేవు పనికి కుదిరేవారును ఉన్నారు. దుబాయిలో 1979లో ప్రారంభమైన జెబెల్ అలీ రేవులో గాని, మన విశాఖ రేవులో గాని కంటైనర్లను ఎత్తే బండిపై కూర్చొనే మనిషి ప్రాణం ఒక చిన్న భౌతికశాస్త్ర సూత్రంపై ఆధారపడి ఉన్నది. దానిని వివరింపదలచినాము.

యార్డులో పెట్టెలను వరుసలుగా పేర్చే బండిని రీచ్ స్టాకర్ అంటారు. ఇది ఏనుగు తొండం చాచినట్లు ఉక్కు చేయి చాచి పెట్టెను పైనుండి పట్టుకొంటుంది. నిండు పెట్టె 30 టన్నుల వరకు తూగుతుంది. బండిని నిలిపేది త్రాసు సూత్రమే: ముందు ఇరుసుకు ఇటు పెట్టె, అటు బండి స్వంత బరువు.

లెక్క కొరకు బండి 70 టన్నులనీ, దాని గరిమనాభి ముందు ఇరుసుకు 3 మీటర్ల వెనుక ఉన్నదనీ అనుకొందాము. వెనుకకు లాగే భ్రామకం 210. 30 టన్నుల పెట్టె ఇరుసుకు 3 మీటర్ల ముందుంటే 90 మాత్రమే. అదే పెట్టెను 6 మీటర్ల దూరాన పట్టుకొంటే 180. పెట్టె బరువెక్కలేదు, దూరమే పెరిగినది. 210 కంటె 180 తక్కువే కదా అని ధైర్యపడరాదు. దిగుతున్న పెట్టెను ఒక్కసారిగా ఆపినా, నడుస్తూ బ్రేకు బలంగా నొక్కినా, ముందు చక్రం గుంటలో దిగినా ఆ మిగులు కరిగిపోతుంది. అందుకే మొదటి వరుసకు ఒక బరువు, రెండవ, మూడవ వరుసలకు అంతకంతకు తక్కువ బరువు నిర్ణయించి బండిలోని పలకపై వ్రాస్తారు. ఆ పలక చదువరాని డ్రైవరుకు లైసెన్సు ఉండియు లేనట్లే.

ప్రక్కకు ఒరుగుట ఇంకను మోసకరమైనది. నాలుగు మూలల చక్రాలున్నవి గనుక ఆధారం దీర్ఘచతురస్రమని తోచును. కాని వెనుక ఇరుసు ఎగుడుదిగుడు నేలకు సర్దుకొనుటకై నడుమ ఒక కీలుపై ఊగుతుంది. కనుక ముందు చక్రాలు రెండు, వెనుక కీలు ఒకటి కలిసి త్రిభుజమే ఆధారం. పెట్టెను పైకెత్తి మలుపు తిరిగితే గరిమనాభి ఎత్తున ఉంటుంది. వేగం రెండింతలైతే ప్రక్కకు త్రోసే బలం నాలుగింతలవుతుంది. బరువు లేని బండికి భయం లేదనుటయు భ్రమ: అప్పుడు గరిమనాభి వెనుకకు, త్రిభుజపు ఇరుకు కొన వైపునకు జరుగుతుంది. పెట్టెను క్రిందుగా, దగ్గరగా ఉంచి మెల్లగా తిరుగవలెను.

నిండు పెట్టె బరువును సరిచూచిన పిదపనే ఓడకెక్కించవలెనని 2016 జూలై 1 నుండి అంతర్జాతీయ నిబంధన అమలులోనికి వచ్చినది. మంచిదే. అయితే సరుకంతా ఒక మూలకు చేరి ఉన్నదని ఆ కాగితం చెప్పదు. పెట్టెను జానెడు లేపి, ఒక ప్రక్కకు వాలుతుంటే దించివేయుట మేలు.

ఇంత చేసినా బండి ఒరుగనారంభిస్తే మనిషికి మొదట తోచేది బయటికి దూకుట. దూకినవాడు తరచుగా ఆ బండి క్రిందనే పడతాడు. బెల్టు విప్పక, కాళ్ళు తన్నిపట్టి, స్టీరింగును గట్టిగా పట్టుకొని, ఒరుగుతున్న దిక్కుకు ఎదురు వైపు వాలి కూర్చొనవలెను.