గెలవని మొనగాడు

పద్దెనిమిది సీజన్లు ఆడాడు. ఒక్కసారీ కప్పు కొట్టలేదు. అయినా బ్రిటన్‌లో బాల్‌రూమ్ డాన్స్ అనగానే జనం నోట ముందుగా వచ్చే పేర్లలో ఆంటన్ డు బెక్ ఒకటి. టీవీ తెర మీద డాన్సర్ అసలు చేసే పనేమిటో అతని కథ చెబుతుంది.

2010లో ఆన్ విడికమ్‌కు 63 ఏళ్లు. 1987 నుంచి ఎంపీగా ఉండి, మధ్యలో జైళ్ల శాఖ మంత్రిగా చేసి, ఆ ఏడాదే పార్లమెంటు నుంచి తప్పుకుంది. డాన్స్ రాదు. వస్తుందన్న ఆశ కూడా ఎవరికీ లేదు. అలాంటి మనిషిని బీబీసీ ‘స్ట్రిక్ట్‌లీ కమ్ డాన్సింగ్’లో ఆంటన్‌కు జోడీగా ఇచ్చింది. స్టెప్పులు సరిగ్గా పడేలా రుద్దడం మీద అతను పెద్దగా ఆశ పెట్టుకోలేదు. ఒక వారం ఆమెను తీగలకు కట్టి పైనుంచి నేల మీదికి దింపించాడు. మరో వారం ఫ్లోర్ మీద ఆ చివరి నుంచి ఈ చివరికి ఈడ్చుకెళ్లాడు. ఇంకో వారం ‘టైటానిక్’ పాటకు రుంబా చేయించాడు. జడ్జీలు తల పట్టుకుని అట్టడుగు మార్కులు వేశారు. జనం మాత్రం కడుపుబ్బా నవ్వి ఓట్లు గుద్దారు. ఆమె పదో వారం దాకా నిలిచింది. ఆమెకన్నా బాగా ఆడినవాళ్లు ముందే ఇంటికి పోయారు.

ఇదెలా సాధ్యం? ఆ పోటీ లెక్క తెలిస్తే ఆశ్చర్యం ఉండదు. జడ్జీలు వేసే మార్కులు నేరుగా లెక్కలోకి రావు, ర్యాంకులుగా మారతాయి. పద్నాలుగు జోడీలుంటే, మార్కుల్లో మొదట వచ్చిన జోడీకి పద్నాలుగు పాయింట్లు, అట్టడుగున ఉన్నదానికి ఒకటి. ప్రేక్షకుల ఓట్లకూ అదే పద్ధతి. రెండూ కలుపుతారు. అంటే జడ్జీల దగ్గర ఆఖరున ఉన్నా, జనం దగ్గర మొదట ఉంటే పదిహేను పాయింట్లతో దర్జాగా పట్టికలో మధ్యకు చేరిపోవచ్చు. మామూలుగా ఆఖరి రెండు జోడీలు మళ్లీ ఆడాలి, అప్పుడు జడ్జీల మాటే చెల్లుతుంది. 2010, 2011 సీజన్లలో ఆ అంకాన్ని తీసేశారు. విడికమ్ అడుగుపెట్టింది సరిగ్గా అప్పుడే.

‘ఢీ’ చూసి పెరిగిన మనకు ఈ పోటీ కాస్త వింతగా తోస్తుంది. అక్కడ డాన్స్ వచ్చినవాళ్లు ఒకరితో ఒకరు తలపడతారు. ఇక్కడ డాన్స్ వచ్చినవాళ్లు, రానివాళ్లను చంకనెత్తుకుని తలపడతారు. నటులు, వార్తలు చదివేవాళ్లు, మాజీ మంత్రులు, క్రీడాకారులు... ఒక్కొక్కరికి ఒక ప్రొఫెషనల్ డాన్సర్. ఎవరికి ఎవరన్నది నిర్మాతలు తేలుస్తారు, డాన్సర్ చేతిలో ఏమీ ఉండదు. 2004 మే నెలలో మొదలైన ఈ పోటీ పేరులో ‘కమ్ డాన్సింగ్’ అన్న ముక్క 1998 దాకా బీబీసీలో దశాబ్దాలపాటు నడిచిన పాత బాల్‌రూమ్ కార్యక్రమానిది. ‘స్ట్రిక్ట్‌లీ’ అన్నది 1992 నాటి బాజ్ లుర్మన్ సినిమా ‘స్ట్రిక్ట్‌లీ బాల్‌రూమ్’ నుంచి వచ్చింది. అమెరికా దాన్ని ‘డాన్సింగ్ విత్ ద స్టార్స్’గా 2005లో మొదలెట్టింది. హిందీలో 2006లో వచ్చిన ‘ఝలక్ దిఖ్‌లా జా’ కూడా ఈ గూటి పక్షే.

మొదటి సీజన్‌లో అడుగుపెట్టేసరికి ఆంటన్‌కు ముప్పై ఏడు దాటాయి. మామూలు పోటీల లెక్కలో చూస్తే సర్దుకునే వయసు. 1966లో ఇంగ్లాండ్‌లోని కెంట్ ప్రాంతంలో, సెవెనోక్స్‌లో పుట్టాడు. తండ్రిది హంగరీ, తల్లిది స్పెయిన్. అసలు పేరు ఆంథొనీ పాల్ బెక్. పదేళ్ల వయసులో డాన్స్ బడికి వెళ్లడం మొదలెట్టాడు. పద్నాలుగేళ్లకు బాల్‌రూమే తన దారి అనుకున్నాడు, పదహారేళ్లకు చదువు మానేశాడు. ఆరాధ్య దైవం పాత హాలీవుడ్ డాన్సర్ ఫ్రెడ్ ఆస్టేర్. ఆ తోక కోటు, ఆ నున్నటి జుట్టు, ఎంత కష్టమైన అడుగైనా చెమట కనిపించకుండా వేసే ఆ తీరు... ఈనాటికీ ఆంటన్‌లో కనిపించేది ఆస్టేర్ నీడే.

1997లో న్యూజిలాండ్ అమ్మాయి ఎరిన్ బోగ్ జోడీ అయింది. ఇద్దరూ ఆమె దేశంలో ఛాంపియన్‌షిప్ గెలిచారు. 2002లో ప్రొఫెషనల్స్‌గా మారారు. మరో రెండేళ్లకు బీబీసీ ఇద్దరినీ పిలిచింది. అప్పటిదాకా వీళ్ల పేరు తెలిసినవాళ్లంతా డాన్స్ ఫ్లోర్ చుట్టూ కూర్చునేవాళ్లే. ఆ తర్వాత శనివారం రాత్రి టీవీ ముందున్న ప్రతి ఇల్లూ తెలుసుకుంది. ఎరిన్ 2012 తర్వాత పోటీ నుంచి తప్పుకున్నా, ఇద్దరూ కలిసి ఊరూరా తిరిగి స్టేజీ ప్రదర్శనలు ఇస్తూనే వచ్చారు.

పోటీలో రెండు కుటుంబాల డాన్సులుంటాయి. వాల్ట్జ్, ఫాక్స్‌ట్రాట్, టాంగో, క్విక్‌స్టెప్ లాంటివి బాల్‌రూమ్. చా చా, సాంబా, రుంబా, జైవ్, పాసో డోబ్లే లాటిన్. బాల్‌రూమ్‌లో మగవాడి కుడి అరచెయ్యి ఆమె వీపు మీద, ఎడమ భుజపుటెముక దగ్గర ఉంటుంది. ఒంటికి ఒళ్లు ఆనించి, తన బరువు కదిపి ఆమెను కదిలిస్తాడు. సైకిల్ నేర్చుకునే పిల్లవాడి సీటు వెనక పట్టుకుని పరిగెత్తే నాన్నలా, పట్టు ఉన్నంతసేపూ పడనివ్వడు. అడుగు తప్పినా పొడుగాటి గౌను దాచేస్తుంది. లాటిన్‌లో ఆ దాపరికం కుదరదు. చెయ్యి వదిలేసి విడివిడిగా ఆడాలి, నడుము తిప్పాలి, మోకాలు తిన్నగా చాచాలి. కురచ దుస్తుల్లో తప్పు తప్పులాగే కనిపిస్తుంది. ఆంటన్ నిలువెల్లా బాల్‌రూమ్ మనిషి. పాదం నేల మీద తేల్చి నడిపించే ఫాక్స్‌ట్రాట్‌లో అతనికి దీటైనవాళ్లు తక్కువ. లాటిన్ వారం వచ్చినప్పుడు మాత్రం ఆ వేగం, ఆ ఒంపు అతని సొత్తు కాదని చూసేవాళ్లకే తెలిసిపోయేది. కప్పు రాకపోవడానికి సగం కారణం అదే.

మిగతా సగం, అతనికి దొరికిన జోడీలు. మొదటిసారి ఒపేరా గాయని లెస్లీ గారెట్‌తో మూడో స్థానం. ఆ తర్వాత వచ్చిన పేర్లు చూడండి: టీవీ ప్రముఖురాలు ఎస్తర్ రాంట్జెన్, మోడల్ జెర్రీ హాల్, టెన్నిస్ వీరుడు ఆండీ ముర్రే తల్లి జూడీ ముర్రే... ఎక్కువమంది నడివయసు దాటినవాళ్లే. యువ నటి, మాజీ పాప్ గాయని ఎవరైనా వస్తే పక్కనున్న కుర్ర డాన్సర్‌కి. డాన్స్ రాని పెద్దావిడ వస్తే ఆంటన్‌కి. ఇది ఎంత ముదిరిందంటే, జోడీలు ప్రకటించే రాత్రి అతనికి ఎవరు తగులుతారన్నదే ఒక హాస్యపు ఘట్టమైపోయింది. అతను కూడా దాన్ని వాడుకున్నాడు. కళ్లు తేలేసేవాడు, నవ్వించేవాడు. కానీ ఎవరినీ నవ్వులపాలు చెయ్యలేదు. ఈ రెండింటి మధ్య గీత సన్నం, పదహారేళ్లు దాని మీద నడవడం మామూలు నేర్పు కాదు.

అయితే ఒకసారి నోరు జారాడు. ఆ సంగతి దాటవేస్తే ఈ కథనం అబద్ధమవుతుంది. 2009లో అతని జోడీ నటి లైలా రౌస్. తల్లి భారతీయురాలు, తండ్రి మొరాకో మనిషి. ఆమె ఒంటి రంగు ముదురు చేసే స్ప్రే కొట్టించుకుని రాగానే, బ్రిటన్‌లో దక్షిణాసియా వాళ్లను తిట్టే నీచమైన మాటతో పోల్చాడు. గొడవైంది. బహిరంగంగా క్షమాపణ చెప్పాడు, ఆమె అంగీకరించింది, ఇద్దరూ కలిసి నాలుగో స్థానం దాకా ఆడారు. బీబీసీ అతన్ని తీసెయ్యలేదు. సరదా అనుకుని అన్నాడట. ఆ మాట దెబ్బ తిన్న తరం మనవాళ్లలోనే ఉంది, అది ఎవరికీ సరదా కాదు.

ఆ మాట బయటపడింది గానీ, శిక్షణ గదిలో ఏం జరుగుతుందన్నది చాలాకాలం బయటికి రాని విషయం. ఒక డాన్సర్, ఒక సెలెబ్రిటీ, ఓ అద్దం, రోజుకు గంటల తరబడి రిహార్సల్. చెప్పేది ఒకరు, ఒంటి నొప్పులు ఇంకొకరివి. కొందరు డాన్సర్ల తీరుపై ఫిర్యాదులు వచ్చాక 2024లో బీబీసీ ప్రతి శిక్షణ గదిలో నిర్మాణ బృందం మనిషి ఉండాలని తీర్మానించింది. ఇన్నేళ్లూ ఎందుకు లేరన్నదే నాకు అంతుపట్టదు.

ఆంటన్‌కు మంచి రోజులు ఆలస్యంగా వచ్చాయి. 2015లో బీబీసీ సంగీత కార్యక్రమాల ప్రయోక్త కేటీ డెర్హమ్‌తో తొలిసారి ఫైనల్ చేరాడు. 2019లో ‘ఈస్ట్‌ఎండర్స్’ సీరియల్ నటి ఎమ్మా బార్టన్‌తో మళ్లీ. అప్పటికి అతనికి యాభై మూడేళ్లు. ఆ రాత్రి కప్పు డాన్సర్ ఓటీ మబూసే, నటుడు కెల్విన్ ఫ్లెచర్ ఎత్తుకుపోయారు. మరుసటి ఏడాది మాజీ హోం మంత్రి జాకీ స్మిత్‌తో బరిలోకి దిగి, అందరికన్నా ముందు బయటికొచ్చాడు.

తమాషా ఏమిటంటే, ఆ ఏడాదే అతని దశ తిరిగింది. జడ్జి మోట్సీ మబూసే కోవిడ్ నిబంధనల వల్ల రెండు వారాలు రాలేకపోతే, ఖాళీగా ఉన్న ఆంటన్‌ను ఆమె కుర్చీలో కూర్చోబెట్టారు. బాగా కుదిరాడు. 2021లో మరో జడ్జి బ్రూనో టోనియోలి అమెరికా నుంచి రావడం కష్టమై తప్పుకుంటే ఆ స్థానం ఇతనికే ఇచ్చారు. అప్పటికే పాటల ఆల్బం తెచ్చాడు, 1930ల నాటి హోటల్ బాల్‌రూమ్ నేపథ్యంలో నవలలు రాశాడు.

అమెరికా పోటీలో డాన్సర్ డెరెక్ హఫ్ ఆరుసార్లు కప్పు గెలిచి రికార్డు సృష్టించాడు. 2020లో అక్కడ జడ్జి కుర్చీ ఎక్కాడు. ఒక్క కప్పూ లేని ఆంటన్ మరుసటి ఏడాది బ్రిటన్‌లో అదే కుర్చీ ఎక్కాడు. మార్కులు ఉదారంగా వేస్తాడని విమర్శకులు విసుక్కుంటూనే ఉన్నారు.