చివరి బెంచీలో తల వాల్చిన పాప: పిల్లల్లో రక్తహీనతను గుర్తుపట్టడం ఎలా?

ఫీల్డ్‌వర్క్ కోసం మేం ఒక ప్రభుత్వ పాఠశాలకు వెళ్లాం. నాలుగో తరగతి గదిలో చివరి వరుసలో ఒక పాప బెంచీ మీద తల వాల్చి ఉంది. "వాళ్లంతా అంతేనండీ, ఇంటి దగ్గర చదువు వాతావరణం ఉండదు కదా" అన్నారు టీచర్. పాప మాదిగవాడ నుంచి వస్తుంది. 'వాళ్లంతా' అంటే ఎవరో మాకు విడిగా చెప్పనక్కర్లేదు.

ఆ రోజే పిల్లల ఆరోగ్య పరీక్షలకు వచ్చిన ఏఎన్‌ఎం పాప కింది కనురెప్పను వేలితో కిందికి లాగి చూసింది. ఎర్రగా ఉండాల్సిన లోపలి పొర తెల్లగా ఉంది. వేలి చివర నుంచి రక్తపు చుక్క తీసి చూస్తే హిమోగ్లోబిన్ 7.8. అది తీవ్ర రక్తహీనత. అప్పటిదాకా బడిలో దానికి పెట్టిన పేరు బద్ధకం.

ఆ పాప ఒక్కతే కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో 67.1 శాతం మందికి రక్తహీనత ఉంది. అంతకుముందు సర్వేలో ఇది 58.6 శాతం. తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం.

ఎక్కడ చూడాలి?

హిమోగ్లోబిన్ ఒంటి నిండా ఆక్సిజన్‌ను మోస్తుంది. అది తగ్గితే కండరాలకూ మెదడుకూ అందేది తగ్గుతుంది. అందుకే పిల్లలు త్వరగా అలసిపోతారు, ఆటలో వెనకబడతారు, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడతారు. చిరాకు, ఆకలి మందగించడం, పాఠం మీద ధ్యాస నిలవకపోవడం కూడా ఇందులోవే.

'ముఖం పాలిపోతుంది' అని పుస్తకాల్లో ఉంటుంది. నల్లని చర్మం మీద అది తేలిగ్గా తెలియదు. కాబట్టి కనురెప్ప లోపలి భాగం, నాలుక, గోళ్లు, అరచేతులు చూడాలి. పిల్లల అరచేతిని మీ అరచేతి పక్కన పెట్టి పోల్చండి. నాలుక నున్నగా మారడం, నోటి మూలలు పగలడం, గోళ్లు చెంచాలా గుంటపడడం ఐరన్ లోపానికి గుర్తులు.

బలపాలు, మట్టి, పచ్చి బియ్యం తినే పిల్లల్ని కొట్టడం మన ఇళ్లల్లో మామూలే. ఆ తిండి వెనక చాలాసార్లు ఐరన్ లోపమే ఉంటుంది. దెబ్బకు బదులు పరీక్ష చేయించాలి.

తక్కువ స్థాయి రక్తహీనతలో పైకి ఏ గుర్తూ కనిపించకపోవచ్చు. అప్పుడు పరీక్షే దారి. హిమోగ్లోబిన్ ఐదేళ్లలోపు పిల్లల్లో 11 గ్రాములు, 5-11 ఏళ్ల వారిలో 11.5, 12-14 ఏళ్ల వారిలో 12 కంటే తగ్గితే రక్తహీనత. ఐదేళ్లలోపు 7, ఆపై వయసులో 8 కంటే తగ్గితే తీవ్రం. అరచేతులు పూర్తిగా తెల్లబడినా, కూర్చున్నచోటే ఆయాసం వచ్చినా, పాదాలు వాచినా, పిల్లలు మగతగా ఉన్నా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

కళ్లు పచ్చబడడం, కీళ్ల నొప్పులు, పసిపిల్లల చేతివేళ్లు వాచి నొప్పి పెట్టడం ఉంటే సికిల్ సెల్ పరీక్ష కూడా అడగాలి. ఆదివాసీల్లో, కొన్ని ప్రాంతాల దళితుల్లో ఈ జబ్బు ఉంది. ఐరన్ మందు దీన్ని నయం చేయదు.

రక్తం ఎందుకు తగ్గుతుంది?

తల్లికి రక్తం తక్కువుంటే బిడ్డ తక్కువ ఐరన్ నిల్వతో పుట్టే ప్రమాదం ఎక్కువ. ఆరు నెలల తర్వాత తల్లిపాలు మాత్రమే సరిపోవు. కూలికి వెళ్లిన తల్లి పొద్దుగూకి ఇంటికొచ్చే లోపు బిడ్డ కడుపులో పడేది చాలాసార్లు టీ, బిస్కెట్. టీ తిండిలోని ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. మరుగుదొడ్లు లేని వాడల్లో చెప్పుల్లేకుండా తిరిగే పిల్లల పాదాల గుండా కొంకిపురుగు లోపలికి వెళ్లి, పేగుల్లో రక్తం పీలుస్తుంది.

తిండి విషయంలో ఒక మాట. మాంసం, కార్జం, రక్తంలో ఉండే ఐరన్ ఆకుకూరల్లోని ఐరన్ కంటే బాగా ఒంటబడుతుంది. పెద్దకూరతో సహా మన వాడల్లో తరతరాలుగా తిన్న తిండి ఇదే. దాన్ని తిన్నందుకు బడిలో సిగ్గుపడేలా చేయడం పిల్లల ఆరోగ్యాన్నీ దెబ్బతీస్తుంది. మునగాకు, తోటకూర, రాగులు కూడా మంచివే. నిమ్మకాయో ఉసిరో తోడైతే వాటిలోని ఐరన్ మరింత ఒంటబడుతుంది.

ఏం అడగాలి?

2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ ప్రకారం ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లలకు వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు ఐరన్ సిరప్, 5-9 ఏళ్ల వారికి వారానికో గులాబీ రంగు మాత్ర, 10-19 ఏళ్ల వారికి వారానికో నీలం మాత్ర ఉచితంగా ఇవ్వాలి. ఇవి నివారణకు మాత్రమే. రక్తహీనత తేలితే డాక్టర్ చెప్పిన మోతాదు వాడాలి. మలం నల్లగా వస్తే భయపడి ఆపొద్దు. సీసా మాత్రం పిల్లలకు అందనివ్వొద్దు, ఎక్కువ తాగితే ప్రాణాపాయం. నులిపురుగుల మాత్రను బడుల్లో, అంగన్‌వాడీల్లో ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న వేస్తారు.

మధ్యాహ్న భోజనం వండేవారి నియామకాల్లో దళితులకు, ఆదివాసీలకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ వంట తినబోమని పై కులాలవారు పిల్లల్ని ఆపిన ఘటనలు తర్వాత కూడా వార్తల్లో వస్తూనే ఉన్నాయి. ఎవరు వండుతున్నారు, ఎవరిని ఎక్కడ కూర్చోబెడుతున్నారు, గుడ్డు ఎవరి పళ్లెంలో పడడం లేదు అని చూడడం కూడా ఆరోగ్య పనే.

విద్యార్థి సంఘాల మిత్రులు ఈసారి ఊరెళ్లినప్పుడు మీ వాడ అంగన్‌వాడీలో మూడు అడగండి: సిరప్ స్టాకు ఉందా? ఏఎన్‌ఎం చివరిసారి వాడకు ఎప్పుడొచ్చింది? ఎందరు పిల్లల హిమోగ్లోబిన్ రాసి ఉంది? మేం చూసిన పాప ఆ రోజే పీహెచ్‌సీకి వెళ్లింది. ఆ ఏఎన్‌ఎం రాకపోయి ఉంటే ఇంకా బద్ధకస్తురాలిగానే మిగిలేది.