పరిశోధన వ్యాసము - విషయ నిర్ణయము

పరిశోధన వ్యాసము వ్రాయబూనిన విద్యార్థి నేమి విషయమని యడిగినచో, తఱచుగా ఒక కవి పేరో కావ్యము పేరో చెప్పును. ‘శ్రీనాథుని కవిత్వము’ అనునది యట్టిది. అది విషయము దొరకెడి చోటే గాని విషయము కాదు. సమాధానము కోరు ప్రశ్న యొకటి యేర్పడిననాడే విషయ మేర్పడినదని మా యభిప్రాయము.

ఈ యుదాహరణమునే కొంత దూరము నడపి చూతము. శ్రీనాథుని శృంగారనైషధము శ్రీహర్షుని నైషధీయచరితమునకు తెనుగు సేత. మూలమున సర్గలు 22. తెనుగున ఆశ్వాసములు 8. ‘మూలముతో పోలిక’ యని పేరు పెట్టినను పని యొక సంవత్సరమున ముగియదు. ముగిసినను, కవి విడిచినవానికిని పెంచినవానికిని పట్టికయే మిగులును.

పండితులు ఈ కావ్యమును చూచి, డుమువులను నీవు తీసికొని మా సంస్కృతమును మాకిమ్మనిరని యొక చాటుకథ కలదు. దీనిని ప్రమాణముగా గ్రహించువారు పెక్కురు. కాని కవి కావ్యాంతమున తన యనువాద పద్ధతిని తానే వివరించెను. అందు శబ్దము ననుసరించుటయే గాక అభిప్రాయమును గుఱించుట, అనౌచిత్యమును పరిహరించుట కూడ నున్నవి. ఈ రెండు మాటలును పూర్తిగా పొసగవు. పొసగనిచోటనే ప్రశ్న పుట్టును.

ఇక పరీక్షింపదగిన తావు కావలెను. మూలమున 13వ సర్గమును చూడుడు. ఇంద్రాగ్నియమవరుణులు నలుని రూపమున స్వయంవరసభలో నుండగా, సరస్వతి వారిని దేవతలకును నలునికిని అన్వయించునట్లు శ్లేషతో వర్ణించును. శ్లేషకు శబ్దమే ప్రాణము. అచ్చట శ్రీనాథుడు శబ్దమును నిలిపెనా, వేఱు శబ్దముతో శ్లేషను సాధించెనా, విడిచెనా? ఇది ప్రశ్న. శ్లోకములు పరిమితములు గనుక ప్రతిదానిని పద్యముతో సరిచూడవచ్చును. అయితే శ్లేష గల తావున కవి శబ్దమును వీడకుండుట సహజము. కావున శ్లేష లేని మఱియొక ఘట్టమును ప్రక్కన నుంచి చూడనిదే, ఇచ్చటి ఫలితమును కావ్యమంతటికి అన్వయింపరాదు.

విషయమును స్థిరపఱచుటకు ముందు విద్యార్థి నాలుగు సంగతులు విచారింపవలెను. మూలమును స్వయముగా చదువగలనా? ఆధారముల నన్నిటిని గడువులోపల చూడగలనా? ఇతరు లీ పనిని ముగించిరా? సమాధానము అవునన్నను కాదన్నను విలువ యుండునా? సంస్కృతము రానివాడు పై విషయమును కోరరాదు. అతనికి తగిన ప్రశ్న వేఱొకచోట నుండును. నాలుగవదానిని విద్యార్థులు మఱతురు. ముందే తెలిసిన సమాధానమునకు ఆధారములను కూర్చుట పరిశోధనము కాదు.

ఇందు ఉపాధ్యాయుల బాధ్యతయు కలదు. శీర్షికల పట్టిక నిచ్చి యొకదానిని ఏఱుకొమ్మనుట సులభము. విద్యార్థితో గూర్చుండి, పేరును ప్రశ్నగా మార్చుటకు రెండు వారములు పట్టవచ్చును. ఆ రెండు వారములు వెచ్చింపనిచోట విద్యార్థి సంవత్సరమంతయు వ్యర్థమగును.