ముట్లుడిగాక దాత అండంతో గర్భం: గర్భాశయం సరే, రక్తనాళాల మాటేమిటి?

2019 సెప్టెంబరులో గుంటూరులో 74 ఏళ్ల మహిళ సిజేరియన్ ద్వారా కవల ఆడపిల్లలను ప్రసవించినప్పుడు దేశమంతా ఆశ్చర్యపోయింది. ఆమెకు ముట్లుడిగి ఎన్నో ఏళ్లయింది. అండం మరో మహిళది, వీర్యకణాలు భర్తవి. గర్భం నిలవడం వైద్యులకు అంత వింతేమీ కాదు. ఆ వయసులో దాన్ని మోయడానికి మిగతా శరీరం ఎంత సిద్ధంగా ఉంటుందన్నదే అసలు ప్రశ్న.

ఆడశిశువు పుట్టేనాటికే అండాశయాల్లో అండాల నిల్వ ఏర్పడిపోతుంది. అది ఏటేటా తరుగుతూ యాభై ఏళ్ల ప్రాంతంలో అడుగంటుతుంది. గర్భాశయం సంగతి వేరు. ఈస్ట్రోజెన్ ఇస్తే లోపలి పొర మళ్లీ మందమవుతుంది. తర్వాత ప్రొజెస్టెరాన్ ఇస్తే పిండం అంటుకోవడానికి అనువుగా మారుతుంది. మొదటి కొన్ని వారాలు ఈ మందులు కొనసాగిస్తే, ఆపైన కావలసిన హార్మోన్లను మావే తయారుచేస్తుంది. అందుకే గర్భం నిలవడంలో తల్లి వయసు కన్నా అండదాత వయసే ఎక్కువ లెక్కలోకి వస్తుంది.

ఆ తర్వాతి కథను అమెరికాలో, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ వైద్యులు 2002లో ప్రచురించిన అధ్యయనం వివరంగా చెప్పింది. 1991-2001 మధ్య దాత అండాలతో చికిత్స పొందిన, యాభై దాటిన 77 మంది మహిళల వివరాలు అందులో ఉన్నాయి. 121 సార్లు పిండాలను ప్రవేశపెడితే 45 ప్రసవాల్లో 61 మంది పిల్లలు పుట్టారు. ఒక్క బిడ్డే ఉన్న కాన్పుల్లో శిశువుల సగటు బరువు మూడు కిలోల పైమాటే. అయితే 78 శాతం కాన్పులు సిజేరియన్లు. 35 శాతం మందికి ప్రీఎక్లాంప్సియా వచ్చింది. గర్భిణికి రక్తపోటు పెరిగి మూత్రపిండాలు, కాలేయం దెబ్బతినే ఈ స్థితి ముదిరితే మూర్ఛలు వస్తాయి. మన పల్లెల్లో గుర్రపు వాతం అనేది దాన్నే. 55 ఏళ్లు దాటినవారిలో ఈ ముప్పు, గర్భధారణ మధుమేహం ముప్పు మరీ ఎక్కువ. పైగా వీరంతా ముందే గుండె తదితర పరీక్షల్లో నెగ్గి, ఆరోగ్యంగా ఉన్నారని తేలాకే చికిత్సలోకి వచ్చినవారు!

గర్భంతో రక్త పరిమాణం దాదాపు సగం పెరుగుతుంది. బిరుసెక్కిన రక్తనాళాలు అంత భారానికి సులువుగా సర్దుకోలేవు. వయసు ఒక్కటే కారణం కాదు. మామూలు గర్భంలో శిశువు జన్యువుల్లో సగం తల్లివే. దాత అండమైతే శిశువు మొత్తంగా పరాయి. తల్లి రోగనిరోధక వ్యవస్థ దీనికి అలవాటు పడటం కష్టం. అందుకే చిన్న వయసువారిలో కూడా దాత అండంతో వచ్చిన గర్భాల్లో ప్రీఎక్లాంప్సియా ఎక్కువగా కనిపిస్తుంది. కవలలైతే ముప్పు ఇంకా పెరుగుతుంది కాబట్టి ఒకే పిండాన్ని ప్రవేశపెట్టడం మేలు.

గుంటూరు ప్రసవం నాటికి మన దేశంలో దీనిపై చట్టం లేదు. 2021లో వచ్చిన సహాయక పునరుత్పత్తి సాంకేతికత చట్టం ఈ చికిత్సను 50 ఏళ్లలోపు మహిళలకే పరిమితం చేసింది. భర్తకు పరిమితి 55. అండదాత వయసు 23 నుంచి 35 మధ్య ఉండాలి. ఆమె జీవితంలో ఒక్కసారే, ఏడు అండాలకు మించకుండా ఇవ్వాలి. రోజూ హార్మోన్ ఇంజక్షన్లు, ఆపై సూదితో అండాల సేకరణ, ఆ బాధ అంతా ఆమెదే మరి. నలభై ఎనిమిదేళ్లకే బీపీ, షుగరు ఉన్న మహిళను మాత్రం ఈ వయోపరిమితి ఆపదు. ఆమె గుండె, మూత్రపిండాల పరీక్షలు పిండాన్ని ప్రవేశపెట్టక ముందే పూర్తి కావాలి.