ఊరు మారిన పిల్లలు, బడి విశేషాలు

శరణార్థుల గురించిన 1951 నాటి అంతర్జాతీయ ఒప్పందం మీద మన దేశం సంతకం చేయలేదు. అయినా మన విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల లోపు ఏ బిడ్డనూ పౌరసత్వం అడగదు. పుట్టిన తేదీ కాగితం లేదని బడిలో చేర్చుకోకుండా వెనక్కి పంపడమూ కుదరదు. టీసీ రాలేదన్న సాకూ చెల్లదు. పైగా టీసీ ఇవ్వకుండా తిప్పించుకునే హెడ్మాస్టరు మీద క్రమశిక్షణ చర్య తీసుకోవచ్చు. పొట్ట చేత పట్టుకుని ఊళ్లు తిరిగే తల్లిదండ్రులకు ఈ సంగతి చెప్పే నాథుడే ఉండడు.

1977లో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో టైలర్ అనే పట్టణంలో, కాగితాల్లేకుండా వలస వచ్చిన కుటుంబాల పిల్లలకు ప్రభుత్వ బడిలోనే ఏడాదికి 1000 డాలర్ల ఫీజు పెట్టారు. తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. వాళ్లు జనం కంట పడకూడదని జడ్జి తెల్లవారుజామున 6 గంటలకే విచారణ పెట్టాడు. ఆ పూటే దేశం నుంచి పంపించేస్తారేమోనన్న భయంతో సామాన్లు కార్లో సర్దుకుని మరీ వచ్చారట. 1982లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో పిల్లల పక్షాన తీర్పు చెప్పింది. ఒక్క ఓటు అటు పడి ఉంటే ఎందరి చదువు ఆగిపోయేదో!

అంతకు ఎనిమిదేళ్ల ముందే, 1974లో, అదే కోర్టు మరో మాట తేల్చింది. శాన్‌ఫ్రాన్సిస్కో బడుల్లో సుమారు 1800 మంది చైనీస్ పిల్లలకు ఇంగ్లిషు రాదు, నేర్పే ఏర్పాటూ లేదు. అందరికీ ఒకే గది, ఒకే పుస్తకం ఇచ్చినంత మాత్రాన సమానంగా చూసినట్టు కాదని కోర్టు తేల్చింది. నా మటుకు అసలు విషయం ఇక్కడే ఉంది.

లెబనాన్‌లో సిరియా శరణార్థి పిల్లల కోసం ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్నం రెండో షిఫ్టు నడిపారు. చోటైతే దొరికింది. కానీ సొంత దేశంలో అరబిక్‌లో లెక్కలు నేర్చుకున్న పిల్లలకు అక్కడ లెక్కలూ సైన్సూ ఫ్రెంచిలోనో ఇంగ్లిషులోనో చెబుతారు.

మన దేశానికి వచ్చిన శరణార్థి పిల్లల సంగతికొస్తే, ధర్మశాలలోని టిబెటన్ పిల్లల గ్రామం 1960 మేలో 51 మంది పిల్లలతో మొదలైంది. రోడ్డు పనుల క్యాంపుల నుంచి వాళ్లను తెచ్చి, దలైలామా అక్క చేతిలో పెట్టారు.

ఇక మన దగ్గరి సంగతి. తెలంగాణ ఇటుక బట్టీలకు ఒడిశాలోని బలాంగీర్, నువాపడా జిల్లాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే వస్తాయి. కూలీలను కుదిర్చే సర్దారు దగ్గర ముందే అడ్వాన్సు తీసుకుని ఉంటారు. వానలు పడేదాకా బట్టీ దగ్గరే మకాం. అచ్చు తీసిన పచ్చి ఇటుకలను ఎండకు తిరగేసే పని పిల్లలది. బరువు తక్కువ కాబట్టి వాళ్లు తొక్కినా ఇటుక చెడదు. ఈ పిల్లల్ని తెలుగు మీడియం ఒకటో తరగతిలో కూర్చోబెడితే ఏం అర్థమవుతుంది? అందుకే బట్టీల దగ్గరే బడులు తెరిచి, ఒడియా పుస్తకాలు తెప్పించి, ఒడియా వచ్చిన టీచర్లను పెట్టారు. తిరిగి సొంతూరు వెళ్లాక తరగతి పోకుండా అందుకోగలగడమే దీని లాభం. ఇంత తెలివైన ఏర్పాటు ప్రతి బట్టీకీ అందకపోవడం బాధాకరం.

కేరళలోని ఎర్నాకుళంలో 2017లో మొదలైన ‘రోష్ని’ పథకానిది ఇంకో దారి. వలస కూలీల పిల్లలను హిందీ, బెంగాలీ, ఒడియా తెలిసిన వాలంటీర్లు వాళ్ల మాటలోనే మొదలుపెట్టి మలయాళంలోకి తీసుకువస్తారు. ఆ క్లాసు బడి గంటకు ముందే. టిఫిన్ కూడా పెడతారు.

ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ 2019లో చెప్పిన లెక్క ప్రకారం శరణార్థి పిల్లల్లో ప్రాథమిక బడికి వెళ్లేది 63 శాతం, హైస్కూలుకు 24 శాతం. 1951 ఒప్పందం కూడా పౌరులతో సమానమన్న హామీని ప్రాథమిక విద్యకే ఇచ్చింది. మన చట్టమూ 14 ఏళ్ల దగ్గర ఆగుతుంది.

పిల్లల్ని సొంతూళ్లోనే ఉంచి చదివించే దారీ ఒకటుంది. కోసిగి, ఆదోని వైపు నుంచి గుంటూరు మిర్చి కోతలకు పోయే కుటుంబాల కోసం సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి. అమ్మానాన్నలు తిరిగొచ్చేదాకా పిల్లలు ఊళ్లోనే ఉండి తమ బడిలోనే చదువుకోవచ్చు. అయితే కుటుంబం మూటాముల్లె సర్దకముందే ఆ హాస్టల్ తలుపు తెరవాలి. బండెక్కి వెళ్లిపోయిన పిల్లను ఆ తరవాత తెరిచిన హాస్టల్ వెనక్కి తీసుకురాలేదు.