మూలుగ వెలుపల రక్తోత్పత్తి : మేనరికపు కుటుంబములు ఎఱుగవలసిన విషయము

రక్తకణములు ఎముకలలోని మూలుగయందు పుట్టునని అందఱు నెఱుగుదురు. కాని గర్భస్థ శిశువునందు తొలి మాసములలో ఈ పనిని ముఖ్యముగా కాలేయమును, కొంతవఱకు ప్లీహమును నిర్వహించును. అయిదవ మాసము మొదలుకొని మూలుగ క్రమముగా ఆ భారమును గైకొనును. పుట్టిన పిమ్మట ఎన్నడైన మూలుగ చాలకున్నచో శరీరము ఆ పాత నెలవులకే మరలును. ఇది స్వతంత్రమైన వ్యాధి కాదు, వేఱొక వ్యాధికి గుర్తు.

అట్టి వ్యాధులలో తలసీమియా ముఖ్యమైనది. దీనిని 1925లో అమెరికా వైద్యులగు కూలీ, లీ అనువారు వర్ణించిరి. ఇందు హీమోగ్లోబిను సరిగా తయారుకాక, కణములు అనేకము మూలుగయందే నశించును. మూలుగ ఎంత శ్రమించినను ఫలము స్వల్పము. ముఖపుటెముకలు ఉబ్బును, ప్లీహము పెరుగును. పల్లెలలో దీనిని కడుపులో బల్ల యందురు. బల్ల యనినంతనే మలేరియా యని తలంచి ఊరకుండుట తగదు.

అంతకంటె భయంకరమైనది వెన్నెముక ప్రక్కన పెరుగు ముద్ద. తఱచుగా రక్తమెక్కించుకొనని రోగులలో, పెద్దవారైన పిమ్మట, ఇది ఛాతీ వెనుక ఏర్పడి వెన్నుపామును నొక్కవచ్చును. కాళ్లు తిమ్మిరెక్కి బలము తగ్గును, మూత్రము స్వాధీనము తప్పును. నడుమునొప్పి యని తైలము మర్దించుచు దినములు గడపినచో కాళ్లు శాశ్వతముగా పడిపోవచ్చును. ముద్దయందు రక్తము మెండుగా నుండుటచే సూదితో ముక్క తీయుటయు ప్రమాదమే, ఎం.ఆర్.ఐ. చిత్రమే మేలు. రక్తమెక్కించుట, హైడ్రాక్సీయూరియా, కొలది మోతాదు కిరణచికిత్స, అవసరమైనచో శస్త్రచికిత్స ఇందులకు మార్గములు. శ్రమించు మూలుగకు ఫోలిక్ ఆమ్లమును ఇత్తురు; దానిని 1945 నాటికి కృత్రిమముగా తయారుచేసిన లెడర్లీ బృందమునకు నాయకుడు, చెన్నపట్టణమున వైద్యము చదివిన యల్లాప్రగడ సుబ్బారావు.

తిరుత్తణి 1960 ఏప్రిలు 1న చిత్తూరు జిల్లానుండి మదరాసు రాష్ట్రమునకు మారినది. ఎల్లలు మారినను వియ్యములు మారలేదు. మేనమామకో, మేనత్త కుమారునకో పిల్లనిచ్చు ఆచారము తిరువళ్లూరు, తిరుత్తణి తెలుగు ఇండ్లలోను, ఆవలి చిత్తూరు సీమలోను ఒక్కటే. మేనరికము వ్యాధిని పుట్టింపదు. కాని ఒకే తాతనుండి దిగిన దోషము వధూవరులిరువురియందును దాగియుండుటకు అది అవకాశము నిచ్చును. ఇరువురును వాహకులైనచో ప్రతి కాన్పునందును బిడ్డకు వ్యాధి వచ్చుటకు నాలుగింట ఒక పాలు అవకాశము కలదు.

వాహకుడు చూపునకు ఆరోగ్యవంతుడే. కొందఱిలో ఇనుము మాత్రలకు లొంగని స్వల్ప రక్తహీనత మాత్రము కనిపించును. హీమోగ్లోబిను ఏ2 సాధారణముగా నూటికి 3.5 పాళ్లు మించియుండును. ఈ రక్తపరీక్ష చెన్నపట్టణమందలి పెద్ద ఆసుపత్రులలో లభించును. తాంబూలములకు ముందే చేయించుట యుక్తము. ఒకరు వాహకులైనను, రెండవవారి హీమోగ్లోబినునందు ఏ దోషమును లేనిచో సంబంధము మానవలసిన పని లేదు. ఇదివఱకే వివాహితులైనవారు గర్భము నిలిచిన తొలి వారములలోనే వైద్యుని సంప్రదించినచో, పదవ వారము దాటిన పిమ్మట పిండమును పరీక్షించు వీలు కలదు.