కాపలా కణాలే తిరగబడితే

పోయినేడు మన హాస్టల్లో ఒక తమ్ముడు పొద్దున్న బెల్లు కొట్టినా లేచేవాడు కాదు. మోకాళ్ళు పట్టేశాయనేవాడు. ప్రేయరుకి కుంటుతూ వచ్చి, మధ్యాహ్నానికి మామూలుగా నడిచేవాడు. నాటకమని అందరం నవ్వాం. నేనూ నవ్వాను. తర్వాత తెలిసింది, అది పిల్లలకొచ్చే కీళ్ళవాతమట.

ముసలాళ్ళకే కీళ్ళవాతం వస్తుందనుకుంటాం గానీ, 1897లోనే లండన్‌లో జార్జ్ స్టిల్ అనే డాక్టరు పిల్లల్లో దీన్ని గురించి రాశారు. క్రిములొస్తే చంపడం తెల్లకణాల పని అని మనం సైన్సులో చదివాం కదా. ఈ జబ్బులో ఏ క్రిమీ లేకుండానే అవి లేచి కీళ్ళ లోపలి పొరమీద పడతాయి. కీలు వాస్తుంది. రాత్రంతా కదలక బిగుసుకుపోయి, తిరిగేకొద్దీ సడలుతుంది. అంటే నాటకం కాదన్నమాట.

ఇందులో ఒక రకం మహా చెడ్డది. రోజూ జ్వరం పెద్దగా వచ్చి దిగిపోతుంది. దాంతోపాటే లేత ఎర్ర మచ్చలు వచ్చి పోతాయి. మన ఏజెన్సీ పిల్లలం విడిచి విడిచి జ్వరమంటే మలేరియాయే అనుకుంటాం. రక్తపరీక్షలో మలేరియా లేదని తేలినా జ్వరం వస్తూనే ఉంటే ఊరుకోకూడదు. ఈ రకంలో కొందరికి భక్షక కణాలు అదుపుతప్పి సొంత రక్తకణాలనే మింగుతాయి. అప్పుడు జ్వరం అసలు దిగదు, కాలేయం వాస్తుంది, ముక్కులోంచో చిగుళ్ళలోంచో రక్తం కారొచ్చు. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళకపోతే ప్రాణం దక్కదు.

ఇక మందు సంగతి. మన రాజోలు వైపు నుంచి చించినాడ వంతెన దాటి పాలకొల్లు మీదుగా వెళ్తే భీమవరం. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో అక్కడే పుట్టారు. మెట్రిక్ మూడోసారికి గాని పాసవలేదు (టెన్త్ తప్పిన అన్నలు గమనించగలరు). అమెరికాలో లెడర్లీ కంపెనీలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లం తయారుచేసింది, దానికి అడ్డుపడే మందులూ చేసింది. వాటిలో ఒకటి మెథోట్రెక్సేట్. మొదట క్యాన్సరుకి వాడారు. ఆయన 1948లో పోయారు. పిల్లల కీళ్ళవాతానికి కూడా అది పనిచేస్తుందని 1992లో తేల్చారు. కణాలు రేగినప్పుడు మాత్రం ఇదొక్కటే చాలదు, స్టెరాయిడ్లూ కావాలి.

ఈ మాత్ర వారానికి ఒక్కసారే. మరచిపోయి రోజూ మింగితే ప్రాణాపాయం. దాని చెడు తగ్గడానికి ఫోలిక్ ఆమ్లం కూడా ఇస్తారు, అదీ సుబ్బారావుగారి బృందం చేసిందే!

తమ్ముడి మాత్రలు వార్డెన్ సారు దగ్గరే ఉంటాయి. ఆదివారం ఆయనే వేయిస్తారు. పొద్దున్నే వేణ్ణీళ్ళు పోసుకుంటే కీళ్ళు సడలతాయని, వంటశాల నుంచి బకెట్ తేవడానికి వంతులు వేసుకున్నాం. ఈ వారం నాది.